గోడ మీద ఏ కార్టూన్ బొమ్మలు వేయిస్తే పదేళ్లయినా పిల్లకాయలు గుర్తుపడతారు?

పలకాబలపం, కావలి:

కావలికి తూర్పున, సముద్రానికి ఐదారు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరు. గ్రంథాలయం పక్కన పిల్లల గది కట్టారు. బయటి గోడ 20 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తు, పడమటి ముఖం. సిమెంటు పూత పూసి రెండు నెలలైంది. కింద రెండడుగుల మేర అప్పుడే తెల్లగా ఉప్పు పూస్తోంది.

ఈ గోడ మీద కార్టూన్, కామిక్ బొమ్మలు వేయించాలని చందాలు పోగుచేశారు. తగవు ఎక్కడొచ్చిందంటే, పెద్దవాళ్లు మిక్కీ మౌస్, టామ్ అండ్ జెర్రీ, బేతాళుడు అంటున్నారు. పిల్లకాయలు ఈ ఏడాది ఫోన్లో చూస్తున్న బొమ్మల పేర్లు చెబుతున్నారు. అవి వచ్చే ఏడాదికి ఎవరికైనా గుర్తుంటాయా అని అనుమానం. ఎనభై, తొంభై ఏళ్ల నాటి బొమ్మలు ఇంకా ఎందుకు చెల్లుతున్నాయో తెలిస్తే ఎంచుకోవడం తేలిక.

తెలిసినవాళ్లు మూడు సంగతులు చెప్పండి. ఏ బొమ్మలు వేయాలి, ఎందుకు? ఉప్పు గోడకి ఏం చేయాలి, రంగు ఎంత కొనాలి? ఎవరైనా వచ్చి ఈ బొమ్మ మాది, చెరిపెయ్యండి అంటారా?

పాతపుస్తకాలబండి, ఒంగోలు:

అక్కా, కమిటీలో చేతులెత్తించి తేల్చే పని కాదిది. మార్కాపురం పలక ఒకటి తీసుకుని రెండో తరగతి పిల్లకాయ చేతికివ్వండి. బొమ్మ చూపించకుండా పేరు మాత్రం చెప్పి, ఒక్క నిమిషంలో గీయమనండి. ఆ పలక ఇంకో పిల్లకాయకి చూపించి ఇదెవరు అని అడగండి. వెంటనే పేరు చెబితే ఆ బొమ్మ నిలబడుతుంది. పదిమందితో చేయిస్తే చాలు, ఏది ఉంటుందో ఏది పోతుందో మీకే తెలిసిపోతుంది.

పాత బొమ్మలు ఈ పరీక్షలో ఎందుకు నెగ్గుతాయంటే, వాటిని గీసినవాళ్ల కష్టం వల్ల. 1928 నవంబరు 18న మిక్కీ మౌస్ తెరకెక్కిన నాటికి ఒక చిన్న సినిమాకి వేల బొమ్మలు చేత్తో గీయాలి. అందుకే ఒళ్లంతా గుండ్రాలే. తల ఎటు తిప్పినా రెండు చెవులూ నిండు గుండ్రంగానే కనిపిస్తాయి. నిజం ఎలుకకి అలా కుదరదు గానీ, కుదిరించారు. వేళ్లు ఐదు కాదు, నాలుగే. నలుపు తెలుపు సినిమాలో నల్లటి చెయ్యి నల్లటి ఒంటి మీద కనపడక 1929లో తెల్ల గ్లౌజులు తొడిగారు. శ్రమ తగ్గించుకునేందుకు చేసిన ఈ ఏర్పాట్లే ఆ బొమ్మకి చావు లేకుండా చేశాయి. పలక మీద మూడు గుండ్రాలు గీస్తే చాలు, మిక్కీ.

టామ్ అండ్ జెర్రీ సంగతి వేరు. 1940లో ఎం.జి.ఎం. అనే అమెరికా సినిమా కంపెనీలో విలియం హన్నా, జోసెఫ్ బార్బెరా మొదలుపెట్టారు. మొదటి సినిమాలో పిల్లి పేరు టామ్ కూడా కాదు, జాస్పర్. ఏడు ఆస్కార్లు వచ్చాయి. మాటలు దాదాపు లేవు. స్కాట్ బ్రాడ్లీ సంగీతమే అడుగుకో దరువు వేసి మాట్లాడుతుంది. డబ్బింగు అక్కర్లేదు గనక ఏ భాష ఇంట్లోనైనా నడుస్తుంది. కానీ గోడకి సంగీతం ఉండదు, పరుగూ ఉండదు. టామ్‌ని ఊరికే నిలబెట్టి వేయిస్తే బూడిదరంగు పిల్లి, అంతే. తరుముతూనో, తోక తలుపులో ఇరుక్కునో ఉన్నట్టు వేయించాలి. జెర్రీ కనీసం మూడడుగుల ముందుండాలి. ఆ ఖాళీలోనే ఉంది నవ్వంతా.

పిల్లకాయలు చెప్పే పేర్లన్నీ కొత్తవి అనుకోకండి. డోరేమాన్ 1969 డిసెంబరులో జపాన్ పత్రికల్లో వచ్చాడు. మీ కమిటీలో కొందరికన్నా పెద్దవాడే అయ్యుంటాడు. స్పైడర్‌మ్యాన్ 1962 నాటివాడు. ఈ ఇద్దరూ పలక పరీక్షలో నెగ్గుతారు. డోరేమాన్‌కి మెడ లేదు, వేళ్లు లేవు, చేతులు ఉండలు. గోడకి ఇంతకన్నా తేలిక బొమ్మ లేదు. స్పైడర్‌మ్యాన్‌ని పిల్లకాయ ముఖం మీద సాలెగూడు, రెండు తెల్ల కళ్లతో గీసేస్తాడు గానీ, గోడ మీద ఒళ్లంతా ఆ గూటి గీతలు వేయడానికి పెయింటరు రెండు రోజులు అదనంగా అడుగుతాడు. ముఖం ఒక్కటే పెద్దగా వేయించండి. ఛోటా భీమ్ హైదరాబాదులో పుట్టినవాడు, 2008 నుంచి టీవీలో ఉన్నాడు. నారింజ ధోవతి, చేతిలో లడ్డు ఉంటే గుర్తుపడతారు, లడ్డు తీసేస్తే తడబడతారు.

బుడుగుని వేయించాలని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ముళ్లపూడి వారి మాట, బాపు గారి గీత కలిస్తేనే బుడుగు. అందులో మాట పాలే ఎక్కువ. అక్షరాలు లేకుండా గోడ మీద నిలబెడితే నిక్కరు వేసుకున్న ఎవరో అబ్బాయిలా ఉంటాడు. టింకిల్ పత్రికలో వచ్చే సుప్పండి కూడా అంతే, తెలివితక్కువ పని ఏదో చేస్తూ ఉండాలి.

మిక్కీ వేస్తే ఒక కొలత పెట్టుకోండి. స్టీఫెన్ జే గూల్డ్ అనే జీవశాస్త్రవేత్త ఏళ్లతరబడి వచ్చిన మిక్కీ బొమ్మలు కొలిచి చూశాడు. మొదట్లో తల పొడవు ఒంటి పొడవులో 42.7 శాతం. తర్వాత 48.1 శాతం. కన్ను తల పొడవులో 27 నుంచి 42 శాతానికి పెరిగింది. అంటే ఏళ్లు గడిచేకొద్దీ పసివాడి పోలికలు పెంచుకుంటూ వచ్చారు. మనవైపు గోడల మీద మిక్కీ ముసలివాడిలా ఉండటానికి కారణం ఇదే. పెయింటరు మనిషి లెక్కలో తల చిన్నది చేస్తాడు. నాలుగడుగుల మిక్కీకి తల దాదాపు రెండడుగులు ఉండాలి, చెవి వ్యాసం తల వ్యాసంలో సగానికి కొంచెం ఎక్కువ.

సున్నంకుంచె, నెల్లూరు:

బొమ్మల సంగతి అన్న చెప్పాడు, గోడ సంగతి నేను చెప్తా. ఉప్పు గోడ మీద ఏ బొమ్మ వేసినా, దాని ముఖం పొక్కులు లేచి రాలిపోతుంది. ముందు అది చూడాలి.

సముద్రం పక్క ఊళ్లలో సిమెంటు కలపడానికి, తడపడానికి బోరు నీళ్లే వాడతారు. ఆ ఉప్పు పూతలోనే ఉండిపోతుంది. పునాది నుంచి చెమ్మ పైకి ఎక్కేటప్పుడు దాన్ని మోసుకొచ్చి, నీరు ఆరిపోయిన చోట వదిలేస్తుంది. ఆ తెల్లటి పొడి అదే. నీళ్లు కొట్టి కడగొద్దు, ఉప్పు కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. పొడి కొబ్బరిపీచు బ్రష్‌తోనో, ఇనుప బ్రష్‌తోనో రుద్ది, రాలిన పొడి కింద గోనెపట్టా మీద పట్టుకుని దూరంగా పారబోయండి. పది రోజులు ఆగి మళ్లీ రుద్దండి. మూడోసారికి పూయడం తగ్గితే గోడ దారికొచ్చినట్టు.

పైభాగంలో చెమ్మ ఉందో లేదో చూడటానికి అడుగు చదరం పాలిథిన్ కాగితం గోడకి ఆనించి నాలుగు పక్కలా టేపు అంటించండి. రెండు రోజులయ్యాక కాగితం లోపలివైపు నీటి చుక్కలు ఉంటే చెమ్మ గోడలోంచే వస్తోంది. అప్పుడు ప్రైమర్ (రంగుకి ముందు వేసే పూత) వేయకూడదు, ఆగాల్సిందే.

కింది రెండడుగుల్లో బొమ్మలు వద్దు. అక్కడ పుట్టీ కూడా వద్దు. సున్నం కొట్టి వదిలేయండి. సున్నం చెమ్మని బయటికి పోనిస్తుంది, ప్లాస్టిక్ రంగు పోనివ్వదు, అందుకే పొక్కుతుంది. ఏటా సంక్రాంతి ముందు ఎటూ సున్నం కొడతారు, ఇదీ అందులో కలిసిపోతుంది. బొమ్మల పాదాలు రెండడుగుల గీత మీద ఆనేలా పెట్టుకుంటే, ఆ సున్నం పట్టీ నేలలా కనిపిస్తుంది.

ఇక లెక్క. మిగిలేది 20 × 6 = 120 చదరపు అడుగులు.

బయటి గోడ ప్రైమర్ ఒక పూతకి 2 లీటర్లు. తెల్ల ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ (నీళ్లు కలిపి వేసే బయటి గోడ రంగు) రెండు పూతలకి లీటరుకు 50 నుంచి 60 చదరపు అడుగులు వస్తుంది, అంటే రెండు, రెండున్నర లీటర్లు. 4 లీటర్ల డబ్బా కొనండి, మిగిలింది లేత రంగులు కలుపుకోవడానికి పనికొస్తుంది. నలుపు, ఎరుపు, నీలం, పసుపు ఒక్కో లీటరు, షాపులో మిషన్ మీద కలిపించినవే తీసుకోండి.

ఈ నాలుగూ ఎందుకు వేరుగా కొనమంటున్నానంటే, తెల్ల రంగులో స్టెయినర్ (కలుపుకునే చిక్కటి రంగు) ట్యూబు పిండితే ఎరుపు రాదు, గులాబీ వస్తుంది. నలుపు రాదు, బూడిద వస్తుంది. ముదరాలని ఇంకో ట్యూబు పిండితే ఆ రంగు ఆరినా చేతికి అంటుకుంటుంది, మొదటి వానకి కారుతుంది. స్టెయినర్ లీటరుకు 30, 40 మిల్లీలీటర్లు దాటకూడదు. చర్మం రంగు, టామ్ బూడిదరంగు, జెర్రీ గోధుమరంగు లాంటి లేత రంగులకే అది. జెర్రీకి ఎర్రమన్ను రంగు స్టెయినర్ వాడండి. ఎండకి వెలవదు. మిలమిలలాడే ఎరుపు, నిమ్మ పసుపు పడమటి గోడ మీద అన్నిటికన్నా ముందు వెలిసిపోతాయి. ఆ రెండూ చిన్న చిన్న చోట్లకే, డోరేమాన్ గంట, మిక్కీ నిక్కరు లాంటివాటికే పెట్టుకుంటే, నాలుగేళ్లకి ఆ ముక్కలు మాత్రం మళ్లీ దిద్దుకుంటే సరిపోతుంది.

రంగులో కలిపే నీళ్లు తాగే నీళ్లయి ఉండాలి. ఇంత చేసి ఉప్పు బోరు నీళ్లు కలిపేవాళ్లున్నారు! క్యాను నీళ్లు రెండు తెప్పించుకోండి చాలు.

బోర్డులు రాసేవాళ్లు ఎనామిల్ వేస్తామంటారు, మెరుస్తుందని. రేకు మీద అది బాగుంటుంది. సిమెంటులో క్షారం ఉంటుంది, నూనె రంగుతో కలిస్తే సబ్బులా మారి జిగటగా ఊడొస్తుంది. పైన వార్నిష్ కూడా అక్కర్లేదు.

ఎప్పుడు వేయాలంటే, మన జిల్లాకి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. సంక్రాంతి దాటాక ఫిబ్రవరి, మార్చి మంచి రోజులు. పడమటి గోడ గనక పొద్దున నీడ ఉంటుంది, పని పన్నెండు లోపు ముగించాలి. ఎండ పడి కాలిన గోడ మీద రంగు పెడితే కుంచె తీసేలోపే ఆరి చారలు పడతాయి.

కాపీకాగితం:

మూడో ప్రశ్నకి, అదే ఎవరైనా వచ్చి చెరిపెయ్యమంటారా అన్నదానికి. 1989లో అమెరికాలోని ఫ్లోరిడాలో హాలండేల్ అనే ఊళ్లో మూడు పిల్లల సంరక్షణ కేంద్రాలు గోడల మీద మిక్కీ, మిన్నీ, డొనాల్డ్, గూఫీ బొమ్మలు వేసుకున్నాయి. డిస్నీ కంపెనీ తీసేయమంది, తీసేశారు. ఆ చోట్లో పోటీ కంపెనీలు యోగి బేర్, స్కూబీ డూ లాంటి తమ బొమ్మలు ఉచితంగా వేయించాయి. కాబట్టి పిల్లల గోడే కదా అడగరులే అన్న ధీమా పనికిరాదు.

అమెరికాలో 2024 జనవరి 1న మొదటి మిక్కీ మీద కాపీరైటు హక్కులు తీరిపోయాయి. అది 1928 బొమ్మకి మాత్రమే. గ్లౌజులు లేవు, రంగులు లేవు, కళ్లు ఉత్త నల్ల చుక్కలు. పొపాయ్, టిన్‌టిన్ 1929 రూపాలకి 2025లో అదే జరిగింది. మన దేశంలో లెక్క వేరు. బొమ్మకైతే గీసిన మనిషి పోయాక 60 ఏళ్లు. టిన్‌టిన్ గీసిన ఎర్జే 1983లో పోయాడు గనక ఇక్కడ 2043 చివరిదాకా హక్కు ఉంటుంది. ట్రేడ్‌మార్క్, అంటే కంపెనీ తన గుర్తుగా వాడుకునే పేరు మీదా బొమ్మ మీదా ఉండే హక్కు, ఇంకోటి. దాన్ని పునరుద్ధరించుకుంటూ పోతే తీరేదే ఉండదు. గ్రంథాలయం పేరు బోర్డు మీద, ఫ్లెక్సీ మీద, చందా రసీదు మీద ఆ బొమ్మలు ఎక్కించొద్దు. గొడవ ఎక్కువగా అక్కడే వస్తుంది.

బేతాళుడి విషయంలో ఒక తేడా ఉంది. కథ ఎవరి సొత్తూ కాదు, 11వ శతాబ్దంలో సోమదేవుడు రాసిన కథాసరిత్సాగరంలోనే ఉంది. మనకి కళ్లకి కట్టినట్టుండే బొమ్మ మాత్రం చందమామలో శంకర్ గారు గీసింది. ఆయన 2020లో పోయారు. దాన్ని ట్రేసు తీయొద్దు. రాజు, భుజాన శవం, చేతిలో కత్తి, వెనక చెట్టు. ఇవి నాలుగూ ఉంటే ఎవరి గీతలో గీసినా విక్రమార్కుడే.

జుట్టుపోలిగాడు:

అందరూ ఊరికి దూరంగా వెతుకుతున్నారు. మన తోలుబొమ్మలాటలో జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు లేరా? రామాయణం ఆడినా భారతం ఆడినా కథలో వాళ్లకి చోటు లేకపోయినా దూరతారు. రావణుడి సభలో కూడా దూరి నవ్విస్తారు. అట్టా ఏ కథలోకైనా పోగలిగినవాడే నిలుస్తాడు. పైగా ట్రేడ్‌మార్క్ గోల లేదు.

పాతపుస్తకాలబండి:

మాట బాగుంది గానీ ఇప్పటి పిల్లకాయల్లో పదిమందికి పలక ఇచ్చి జుట్టుపోలిగాడు అంటే పదిమందీ తెల్లమొహం వేస్తారు. నా పరీక్షలో సున్నా.

జుట్టుపోలిగాడు:

నీ పరీక్ష సగమే అన్నా. తెలిసినవాణ్ణి గుర్తుపట్టడం ఒకటి. తెలియనివాణ్ణి ఒకసారి చూపించి, పలక తిప్పేసి, మళ్లీ గీయమనడం ఇంకొకటి. మిక్కీని 1928కి ముందు ఎవరికి తెలుసు? పోలిగాడికి నున్నటి గుండు, నడినెత్తిన నిలబడ్డ జుట్టు, ముందుకొచ్చిన బొజ్జ. ఒక్కసారి చూసిన పిల్లకాయ మర్చిపోడు. దీపం ముందు బొమ్మ పెట్టి నీడ చూసి చెప్పమన్నా చెబుతాడు.

వేయించే పద్ధతి చెప్తా. తోలుబొమ్మ ముఖం పక్కవాటుగా ఉంటుంది, కన్ను మాత్రం పెద్దది. పెయింటరు అలవాటుగా ముఖం ఎదురుకి తిప్పేస్తాడు, తిప్పనియ్యొద్దు. నగల దగ్గర, బట్టల అంచుల దగ్గర తోలుకి చిల్లులు పొడుస్తారు, దీపం వెలుగు అందులోంచి వస్తుంది. గోడ మీద ఆ చిల్లుల్ని తెల్ల చుక్కలుగా పెట్టాలి. నిండు రంగు పూర్తిగా ఆరాక, చెవిలో పెట్టుకునే దూదిపుల్లని తెల్ల రంగులో ముంచి చుక్కకో ఒత్తు. కుంచెతో పెడితే చుక్కలు సమంగా రావు. రంగులు ఎరుపు, ఆకుపచ్చ, నలుపు ఉంటే చాలు.

పలకాబలపం, కావలి:

అందరికీ నమస్కారం. రెండు పరీక్షలూ చేయించాం. చూపించి తిప్పేస్తే పోలిగాడిని పదిమందిలో తొమ్మిదిమంది జుట్టుతో సహా గీశారు. నేరుగా పేరు చెబితే డోరేమాన్, టామ్ అండ్ జెర్రీ, భీమ్ నెగ్గారు. హక్కుల సంగతి విన్నాక కమిటీ భయపడి ఇలా తేల్చింది. బయటి గోడ మీద విక్రమార్కుడూ బేతాళుడూ, పోలిగాడూ బంగారక్క, మధ్యలో పంచతంత్రం కోతీ మొసలీ. మిగతావి పిల్లకాయలే సుద్దముక్కతో గీసుకునేలా గది లోపలి గోడకి నల్లరంగు వేసి ఇస్తాం.

ఇప్పుడు చిక్కేమిటంటే, విక్రమార్కుడి బొమ్మ అడుగు కాగితం మీద బాగా వచ్చింది. ఐదడుగులకి పెంచితే కాళ్లు పొట్టి అవుతున్నాయి. ప్రొజెక్టరుతో వేశాం.

సున్నంకుంచె, నెల్లూరు:

ప్రొజెక్టరు నేల మీద పెట్టి పైకి వంచి ఉంటారు. అప్పుడు పైభాగం సాగి, తల పెద్దదై కాళ్లు చిన్నవవుతాయి. దాని కటకం బొమ్మ నడుము ఎత్తున, గోడకి ఎదురుగా ఉండాలి. ఆ తిప్పలు పడేకన్నా గళ్లు గీసుకోండి. కాగితం మీద అంగుళం గడి, గోడ మీద ఐదు అంగుళాల గడి. 12 అంగుళాల బొమ్మ సరిగ్గా ఐదడుగులు అవుతుంది. గడి గీతలకి నూలుదారం సుద్దపొడిలో ముంచి రెండు చివర్లా లాగిపట్టి ఒకసారి మీటితే సరళరేఖ పడుతుంది. పెన్సిలుతో గీయొద్దు, లేత రంగు కింద నుంచి కనిపిస్తూనే ఉంటుంది.

ముఖాలకి మాత్రం అచ్చు తీసుకోండి. ముఖం నిజం సైజులో గట్టి కాగితం మీద గీసి, గీత వెంబడి సూదితో పావు అంగుళానికో చిల్లు పొడవండి. వెనక పక్క గరుకుగా లేచిన అంచుల్ని ఉప్పుకాగితంతో రుద్దేయండి, లేకపోతే చిల్లులు మూసుకుపోతాయి. కాగితం గోడకి అంటించి, పల్చటి గుడ్డలో బొగ్గుపొడి మూట కట్టి దాని మీద తట్టండి. చుక్కలు గోడ మీద పడతాయి. పొడి ఎక్కువైతే తెల్ల రంగులో కలిసి మురికి పడుతుంది, ఊదేసి తర్వాత కుంచె పట్టండి.

వరస ఇలా. ముందు వెనకటి చెట్టు, తర్వాత ఒళ్లు రంగులు, ఆఖరున నల్ల గీత. బయటి గీత ముప్పావు అంగుళం మందం, లోపలివి అందులో సగం. పదిహేను అడుగుల దూరంలో రోడ్డు మీద నిలబడి చూడండి. బేతాళుడి ముఖం, రాజు భుజం కలిసి ఒకే నల్ల ముద్దలా కనిపిస్తే మధ్యలో అర అంగుళం తెలుపు వదిలి మళ్లీ గీయండి. ఆ బొమ్మలో పెయింటర్లు ఎక్కువగా చెడగొట్టేది అక్కడే.

జుట్టుపోలిగాడు:

బంగారక్కని పోలిగాడికి వీపు తిప్పి వేయకండక్కా. ఇద్దరూ ఎదురెదురుగా ముక్కులు తగిలేంత దగ్గరగా ఉండాలి. తెర మీద తిట్టుకునేది అట్టాగే.